నూటపదహారు: ఒక గూఢచారి, నలుగురు నటులు

గూఢచారి చిత్రాలను గురించి విమర్శ వ్యాసం రాయటం మనలో కొందరికి కాలహరణంగా తోచవచ్చు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు యుగంధర్ నవలలను రైలుపెట్టెల్లోనూ అద్దె పుస్తకాల షాపుల్లోనూ ఎగబడి చదివిన తెలుగువాళ్లు, వాటిని గురించి తరగతి గదిలో మాట్లాడటం నామోషీగా భావించారు. గూఢచారి చిత్రాలకూ అదే గతి పట్టింది. కాని ప్రజలు లక్షల సంఖ్యలో చూసి, మెచ్చి, పిల్లలకు చెప్పుకున్నదానిని విమర్శకుడు చూడనట్టు ఊరుకుంటే దాని ప్రభావం ఊరుకోదు. ప్రభుత్వానికీ పౌరునికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని గురించి మన యువకుల మనస్సుల్లో ఉన్న ఊహలన్నీ రాజనీతి గ్రంథాల నుంచి వచ్చినవి కావు. వాటిలో కొన్ని వెండితెర మీద నుంచి దిగివచ్చాయి.

నేను ఎత్తుకున్న ప్రశ్న చిన్నది. ఒకే గూఢచారి పాత్రను వేరువేరు నటులు ధరించినప్పుడు మారేదేమిటి? మారనిదేమిటి? జేమ్స్‌బాండ్ విషయంలో ప్రపంచమంతా ఈ చర్చ చేసింది. షాన్ కానరీ గొప్పవాడా, రోజర్ మూర్ గొప్పవాడా అని వాదించుకున్న కుర్రవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. అయితే అటువంటి గూఢచారి ఒకడు తెలుగులోనే పుట్టి, హిందీకి వెళ్లి, యాభై ఏళ్ల తరువాత తిరిగి తెలుగులోకి వచ్చాడన్న సంగతిని అంతగా పట్టించుకున్నవారు లేరు. వాడి నంబరు 116.

చరిత్ర క్లుప్తంగా ఇది. 1966లో సుందర్‌లాల్ నహతా, డూండీలు నిర్మించగా మల్లికార్జునరావు దర్శకత్వంలో ‘గూఢచారి 116’ వచ్చింది. కృష్ణ నాయకుడు, జయలలిత నాయిక. మరుసటి ఏడు అదే కథ హిందీలో ‘ఫర్జ్’ అయింది. తెలుగులో ఛాయాగ్రాహకుడుగా, ముఖ్యంగా ట్రిక్ ఫోటోగ్రఫీలో పేరు తెచ్చుకున్న రవికాంత్ నగాయిచ్ దానికి దర్శకుడు. 116వ నంబరు గోపాల్‌గా జితేంద్ర నటించాడు. అదే దర్శకుడు 1973లో ‘కీమత్’ తీసినప్పుడు ఆ గోపాల్, ఆ 116, ధర్మేంద్ర అయినాడు. 1980 దశకం ఆరంభంలో ‘రక్షా’ వచ్చేసరికి నంబరు మళ్లీ జితేంద్రకు దక్కింది. ఆ తరువాత చాలాకాలం 116 కనిపించలేదు. 2018 ఆగస్టు 3న శశికిరణ్ తిక్క దర్శకత్వంలో విడుదలయిన ‘గూఢచారి’లో అడివి శేష్ గోపీ అనే పేరుతో, 116 నంబరుతో మళ్లీ తెరమీదికి వచ్చాడు. కథలు వేరయినా పేరూ నంబరూ నిలిచాయి. ఒక పాత్ర, నలుగురు నటులు.

అసలు ఆ నంబరే ఆలోచించదగినది. ఫ్రెంచివాళ్లకు 117వ నంబరు గూఢచారి ఒకడున్నాడు. జాన్ బ్రూస్ అనే రచయిత 1949లో, అంటే ఫ్లెమింగ్ జేమ్స్‌బాండును సృష్టించటానికి నాలుగేళ్లు ముందే, వాణ్ణి పుట్టించాడు. 1960 దశకంలో వాడి మీద వరసగా చిత్రాలు వచ్చాయి. మన నంబరు దానికి ఒకటి తక్కువ. కాని తెలుగువాడికి నూటపదహారు అనగానే ఫ్రాన్సు గుర్తుకు రాదు. పెళ్లిలో చదివింపులు గుర్తుకు వస్తాయి. అవధానికి ఇచ్చే సంభావన గుర్తుకు వస్తుంది. దాత చేతి నుంచి గ్రహీత చేతికి, ఆశీర్వచనంతో సహా అందే మొత్తం అది. ఆ నంబరు పెట్టినవారి మనసులో ఏమున్నదో గాని, తెలుగు చెవికి మాత్రం 116 పరాయి నంబరు కాలేదు. ఏలినవారి చేతి నుంచి అందుకున్న మర్యాదగా ధ్వనించింది.

మన ప్రాచీన సాహిత్యంలో చారులకు కొదవలేదు. రాజును చారచక్షువు అన్నారు. అంటే వేగులవాళ్లు రాజుకు కళ్లు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గూఢపురుషులను వర్గీకరిస్తూ కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అన్నాడు. ఇతరుల మర్మమెరిగిన విద్యార్థి, సన్యాసం చాలించుకున్నవాడు, చితికిపోయిన రైతు, దెబ్బతిన్న వర్తకుడు, బతుకుతెరువు లేని ముని. వీళ్లందరూ జీవితంలో ఎక్కడో ఓడిపోయినవాళ్లేనని పాఠకులు గమనించగలరు. బీదరికాన్ని రాజ్యం ఎలా వాడుకుంటుందో కౌటిల్యుడు దాపరికం లేకుండా చెప్పాడు. ‘ముద్రారాక్షసం’లో చాణక్యుని చారుడు యమపటం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగే బిచ్చగాడి వేషంలో వస్తాడు. ఆ నాటకంలో గూఢచారి వేషం ఎప్పుడూ సామాన్యుడి వేషమే.

సినిమా ఈ సూత్రాన్ని తలకిందులు చేసింది. గూఢచారికి మొగం ఉండకూడదు. సినిమా తారకు మొగమే ఆస్తి. ఎవరూ గుర్తుపట్టగూడనివాడి పాత్రను అందరూ గుర్తుపట్టేవాడు వేయటమనే వైరుధ్యం మీద ఈ చిత్రాలన్నీ నడుస్తాయి. కాబట్టి గూఢచారిగా నటుడు ఎంత సహజంగా ఉన్నాడని ప్రశ్నించి లాభం లేదు. అసలు సహజత్వానికి అక్కడ చోటే లేదు. అడగవలసింది వేరే ఉన్నది: వీడు ఆజ్ఞను ఎలా అందుకుంటున్నాడు?

ప్రతి గూఢచారి చిత్రంలోనూ ఒక గది ఉంటుంది. పై అధికారి కూచుని ఉంటాడు. నాయకుడిని పిలుస్తాడు. ఫలానావాడు చచ్చిపోయాడు, ఫలానా రహస్యం పోయింది, నువ్వు వెళ్లు అంటాడు. తరువాత రెండు గంటలసేపు జరిగే పోరాటాలన్నీ ఈ గది నుంచి పుట్టినవే. అయినా మనం పోరాటాలను చూస్తాము, గదిని మరచిపోతాము. నటుల తేడా తెలిసేది ఆ గదిలోనే.

జేమ్స్‌బాండ్ వేసిన ఆరుగురిని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. 1962లో ‘డాక్టర్ నో’లో పై అధికారి కానరీ చేత పాత తుపాకీ మాన్పించి కొత్తది పట్టిస్తాడు. కానరీకి అది ఇష్టం ఉండదు. అయినా పట్టుకుంటాడు. యజమానిని చాటున వెక్కిరిస్తూ యజమాని పని పూర్తిగా చేసిపెట్టే నౌకరు వాడు. 1969లో లాజెన్‌బీ వేసిన బాండ్ రాజీనామా ఇస్తానంటాడు. కార్యదర్శిని దానిని రెండు వారాల సెలవుచీటీగా మార్చి సంతకానికి పంపుతుంది. తిరుగుబాటు సెలవుచీటీ అయిపోవటమనే ఈ సంఘటనలో గుమాస్తా బతుకు తెలిసినవాళ్లకు ఎంతో సత్యం కనిపిస్తుంది. రోజర్ మూర్‌కు ఆజ్ఞ ఒక విహారయాత్ర టిక్కెట్టు. 1983లో ‘ఆక్టోపస్సీ’ కోసం ఉదయపూర్ వచ్చినప్పుడు, వెంటపడుతున్న శత్రువులకు అడ్డుపడేటట్టు వీధిలో జనం మీదికి నోట్లు విసురుతాడు. మన జనం వాటిని ఏరుకుంటూ దారి మూసేస్తారు. సామ్రాజ్యం పోయిన ముప్పై ఆరేళ్లకు దాని పగటికల తెరమీద నెరవేరింది. 1989లో డాల్టన్ ఆజ్ఞను ధిక్కరిస్తాడు, కాని అది స్నేహితుడి కోసం. 1995లో బ్రాస్నన్‌కు పై అధికారి స్థానంలో ఒక స్త్రీ ఎదురయి, నీ కాలం చెల్లిందని మొగం మీదనే చెపుతుంది. 2006లో క్రెయిగ్ ఆ అధికారిణి ఇంట్లోకే దొంగలాగా దూరుతాడు. 2021లో అదే క్రెయిగ్ చచ్చిపోతాడు. అరవై ఏళ్లలో ఆరుగురు మారినా ఆజ్ఞను తిప్పికొట్టినవాడు లేడు. విసుక్కున్నవాళ్లున్నారు, అలిగినవాళ్లున్నారు, చచ్చినవాడున్నాడు. గది మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక మన నూటపదహారు దగ్గరికి వద్దాం.

1966 ఎటువంటి సంవత్సరం? దానికి నాలుగేళ్లు ముందు చైనాతో యుద్ధం, అంతకు ముందటి ఏడు పాకిస్తాన్‌తో యుద్ధం. దేశమంతటా కరువు. అమెరికా గోధుమల కోసం ఓడరేవుల దగ్గర ఎదురుచూపులు. జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్రదేశమంతా లేచింది. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పులకు 32 మంది బలి అయ్యారు. ప్రభుత్వం తన తుపాకిని సొంత యువకుల మీదికి తిప్పిన ఏడాదిలోనే, ప్రభుత్వపు తుపాకి పట్టుకున్న యువకుడొకడు తెలుగుతెరకు ఆరాధ్యుడు కావటం కాకతాళీయమే కావచ్చు. కాని చరిత్రలో ఇటువంటి కాకతాళీయాలను పక్కపక్కన పెట్టి చూడటమే విమర్శకుడి పని. శత్రువు బయట ఉన్నాడు, మనలో కలిసిపోయి ఉన్నాడు, వాణ్ణి పట్టుకునే పని ప్రభుత్వానికి వదలండి అని ఆ చిత్రం చెప్పింది. కర్మాగారం అడిగినవాడి మాట అందులో లేదు.

అయితే కృష్ణను ఈ మాటతోనే తోసిపుచ్చితే అన్యాయమవుతుంది. 1965లో అందరూ కొత్తవాళ్లతో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘తేనెమనసులు’తో ఆయన నాయకుడయినాడు. అందులో స్కూటరు మీద చేసిన సాహసం చూసి డూండీ ఈ పాత్రకు ఎన్నుకున్నాడన్నది సినిమా లోకంలో ప్రసిద్ధమయిన సంగతి. చిత్రంలో 303 నంబరు గూఢచారి హతమవుతాడు. ఆ పని 116కు అప్పగిస్తారు. చనిపోయినవాడి కుర్చీలో కొత్తవాడు కూచోవటం ప్రభుత్వోద్యోగంలో మామూలు. కృష్ణ ఆ పనిని ఆ విధంగానే అందుకున్నాడు. ఆయన మాట వేగంగా, సాదాగా, ఏ అలంకారమూ లేకుండా వస్తుంది. అడుగు పాటల్లో తడబడుతుంది. పోరాటంలో మటుకు వెనక్కు తగ్గదు. కానరీలోని ధీమా ఆయనకు లేదు. ధీమాకు బదులు శ్రద్ధ ఉన్నది. పంచవర్ష ప్రణాళికల కాలంలో పరీక్ష పాసయి, నియామకపు ఉత్తర్వు జేబులో పెట్టుకొని మొదటిరోజు ఆఫీసుకు వచ్చిన దిగువ మధ్యతరగతి యువకుడి శ్రద్ధ అది.

ఇది నా ఊహ కాదు. మా అధ్యయన బృందం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో ఈ చిత్రాలను వేసి చూసి, చూసినవారితో చర్చించింది. పుంగనూరులో, చిన్నతనాన టూరింగు టాకీసులో నేలమీద కూచుని ఆ చిత్రం చూసిన ఒక పెద్దాయన అన్న మాట ఇది: “ఇంగిలీసోడు తుపాకి పట్టుకుంటే వాడు పుట్టినప్పుడే చేతిలో వుండినట్టుంటాది. కిష్ణ పట్టుకుంటే మన పిల్లోడికి ఉద్దోగమొచ్చి ఇచ్చినట్టుండె.” నటవిమర్శలో ఇంతకంటె సూక్ష్మమయిన మాట నేను ఎక్కడా చదవలేదు. కృష్ణ లోపమని పండితులు అనుకున్నదే ప్రేక్షకుడికి తలుపయింది. ఆ తలుపుగుండా నేలక్లాసు ప్రేక్షకుడు చిత్రంలోకి ప్రవేశించాడు. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న బిరుదు తగిలించారు గాని, నిజానికి ఆయన బాండ్ కాలేకపోవటం వల్లనే ఆంధ్రుడయినాడు. తరువాత ‘జేమ్స్‌బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’, ‘గూఢచారి 117’ దాకా ఆయన ఈ రకం పాత్రలు ఎన్ని వేసినా, ఆ మొదటి శ్రద్ధ మళ్లీ దొరకలేదు. అలవాటు దాని స్థానాన్ని ఆక్రమించింది.

జితేంద్ర సంగతి వేరు. కథ అదే, నంబరు అదే, నిర్మాతలు వారే. కాని బొంబాయి మార్కెట్టుకు గుమాస్తా శ్రద్ధ పనికిరాదు. ‘ఫర్జ్’ అంటే కర్తవ్యం. పేరులో కర్తవ్యం ఉన్నా నటుడి కాళ్లలో ఉత్సవం ఉన్నది. తెల్లబూట్లు వేసుకొని గెంతుతూ నాట్యమాడిన ఆ చిత్రంతోనే ఆయనకు తుళ్లిపడే నాయకుడన్న ముద్ర పడింది. అందులోని పుట్టినరోజు పాట ఉత్తరాదిన ఇల్లిల్లూ పాడుకున్న పాట అయింది. దేశరక్షణకోసం తీసిన చిత్రంలో నుంచి ప్రజలు పుట్టినరోజు పాటను ఇంటికి తెచ్చుకున్నారంటే, ప్రజల ఎన్నికను నేను తప్పుపట్టను. గదిలో ఆజ్ఞ అందుకున్న జితేంద్ర అది అయిన వెంటనే దానిని మరచిపోతాడు. మనలనూ మరచిపోనిస్తాడు. విధేయత ఇక్కడ సరదాగా మారింది. అది సరదా కావటం వల్లనే మరింత సులభంగా మింగుడుపడింది.

తెలుగు నాయకుడి శ్రద్ధను హిందీ నాయకుడు సరదాగా మార్చటం ఒక్కసారితో ఆగలేదు. 1981లో కృష్ణ నటించిన ‘ఊరుకి మొనగాడు’ 1983లో ‘హిమ్మత్‌వాలా’ అయినప్పుడు ఆ పాత్రలోకి వచ్చినవాడూ జితేంద్రే. ఆయన తరువాత ధర్మేంద్ర వేసిన 116ను గురించి చెప్పవలసింది తక్కువ. ‘కీమత్’ ఆడపిల్లలను మాయం చేసి అమ్మే ముఠాను గురించిన కథ. శత్రువు విదేశపు రహస్యాల నుంచి దిగి మన వీధిలోని అన్యాయానికి వచ్చాడు. ధర్మేంద్ర పంజాబు రైతు శరీరానికి ఆ కోపం అతికింది. కాని కథకుడు ఆ కోపాన్ని అమ్మేవాడి మీదనే నిలిపాడు. కొనేవాడి దాకా, ఆ వ్యాపారాన్ని సాగనిచ్చే వ్యవస్థ దాకా పోనివ్వలేదు. పిడికిలి ఎంత బలమయినదయితేనేమి, అది ఎక్కడ ఆగాలో గది ముందే నిర్ణయించింది.

ఈ సందర్భంలో కుప్పం ప్రేక్షకుడిని గురించి చెప్పకపోతే విషయం అసంపూర్ణంగా ఉంటుంది. ఆ ఊరు మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్నది. ఒకప్పుడు కోలారు బంగారు గనులకూ, ఇప్పుడు బెంగుళూరు పనులకూ పోయి వచ్చే ఆ ప్రాంతపు జనానికి మూడు భాషల నటులూ సొంతవాళ్లే. వారికి 116 ఒక్కడే గూఢచారి కాడు. తమిళంలో 1968లో ఎం.జి.ఆర్. ‘రహస్య పోలీస్ 115’ అయినాడు. అక్కడా నాయిక జయలలితే. నంబరు ఒకటి తగ్గింది, నాయిక మారలేదు. అదే ఏడు కన్నడంలో రాజ్‌కుమార్ దొరై–భగవాన్ల దర్శకత్వంలో సి.ఐ.డి. 999 అయినాడు. 1954లో ‘కాళహస్తి మహాత్మ్యం’లో దేవుడికి కళ్లు పెరికి ఇచ్చిన తిన్నడుగా మన జిల్లావాళ్లు ఎరిగిన మనిషే ఇప్పుడు తుపాకి పట్టాడు. ఎం.జి.ఆర్. గదిలో నిలబడితే ఆజ్ఞ ఇచ్చే అధికారే చిన్నవాడుగా కనపడతాడు, ఆయన అప్పటికే ఏలిక. రాజ్‌కుమార్ ఆజ్ఞను భక్తుడు ప్రసాదం పుచ్చుకున్నట్టు పుచ్చుకుంటాడు. కృష్ణ ఉద్యోగి, రాజ్‌కుమార్ భక్తుడు, ఎం.జి.ఆర్. ప్రభువు. ఒకే దశాబ్దంలో, ఒకే సరిహద్దు చుట్టూ, రాజ్యానికి లోబడటంలోని మూడు పద్ధతులు ఇవి.

చివరకు 2018. అడివి శేష్ నటుడు మాత్రమే కాదు, ఆ చిత్ర రచనలోనూ పాలు పంచుకున్నాడు. అతని గోపీకి చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తండ్రి గూఢచార విభాగంలో పనిచేసినవాడు. పెంచినాయన పేరు మార్చి, అర్జున్‌గా పెంచుతాడు. కుర్రవాడు ఆ శాఖలో చేరాలని దరఖాస్తు మీద దరఖాస్తు పెడతాడు. మాటిమాటికీ తిరస్కరిస్తారు. చివరికి తీసుకుంటారు. తీసుకున్న తరువాత తన పై అధికారులనే చంపాడన్న నింద అతని మీద పడుతుంది. వెతుక్కుంటూ పోగా, చనిపోయాడనుకున్న తండ్రి బతికే ఉన్నాడనీ, తాను వేటాడుతున్న ఉగ్రవాద ముఠా నాయకుడు అతనేననీ తెలుస్తుంది.

శేష్ బలం కండలో లేదు, కాళ్లలో లేదు. మన ఆలంకారికులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పారు. కృష్ణది ముఖ్యంగా వాచికం. జితేంద్రది ఆహార్యంతో కూడిన ఆంగికం. ధర్మేంద్రది అచ్చమయిన ఆంగికం. శేష్ ఒక్కడే సాత్త్వికాన్ని నమ్ముకున్నాడు. బెదిరిన కళ్లు, ముడిపడిన నొసలు, తనను ఎవరూ కోరుకోలేదన్న బాధ. ఇంతకు ముందటి 116లు ఉద్యోగంలో ఉండగా మనకు పరిచయమయినారు. ఈ 116 ఉద్యోగం కోసం దేవుళ్లాడుతూ పరిచయమయినాడు. గదిలో నిలబడి ఆజ్ఞ అందుకోవటం కాదు, గదిలోకి రానివ్వండి అని బతిమాలటం అతని మొదటి పని.

మదనపల్లెలో జరిగిన చర్చలో ఒక డిగ్రీ విద్యార్థి ఇలా అన్నాడు: “పోరాటాలు నాకు గుర్తు లేవు సార్. అన్నిసార్లు వద్దన్నా మళ్లీ అప్లికేషన్ పెట్టినాడు చూడండి, అది గుర్తుంది.” ఆ కుర్రవాడు కానిస్టేబులు పరీక్ష రెండుసార్లు రాసి ఊరుకున్నవాడు. నిరుద్యోగ యువకుడికి దేశభక్తి కూడా ఒక ఖాళీ పోస్టుగా కనపడే దశకు మనం వచ్చాము. కృష్ణ కాలపు యువకుడికి రాజ్యం ఉద్యోగమిచ్చిన ఆఫీసు. శేష్ కాలపు యువకుడికి అది తనను కన్నెత్తి చూడని తండ్రి. ఆ తండ్రి మెప్పు కోసం కన్నతండ్రినయినా చంపటానికి అతడు సిద్ధపడతాడు. ‘ఫర్జ్’లో అనుమానం ప్రియురాలి తండ్రి మీద పడింది. ఇక్కడ సొంత తండ్రి మీదకే వచ్చింది. శత్రువు విదేశం నుంచి పిల్లనిచ్చే మామ దాకా, అక్కడి నుంచి కన్నతండ్రి దాకా దగ్గరపడుతూ వచ్చాడు. ఎవరినీ నమ్మవద్దు, రాజ్యాన్ని తప్ప. ఇదీ యాభై రెండేళ్ల ప్రయాణంలో 116 నేర్చుకున్న పాఠం.

అదే చర్చలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు మా బృందంలో ఎవరమూ సమాధానం చెప్పలేకపోయాము. “ఈ కథల్లో ఆడది వలగానే ఎందుకు వస్తాది?” అన్నది ఆ అమ్మాయి. 1966 నాయిక అనుమానితుడి కూతురుగా వలలో పడుతుంది. 2018 నాయిక తానే వల అవుతుంది. 1970లో ‘రౌడీ రాణి’గా విజయలలిత తుపాకి పట్టి, గుర్రమెక్కి, లేడీ జేమ్స్‌బాండ్ అనిపించుకున్నది గాని, ఆమెకు పగ ఇచ్చారే తప్ప నంబరు ఇవ్వలేదు. నంబరు అంటే రాజ్యపు నమ్మకం. 116ను ఒక నటికి ఇచ్చి చూసే ధైర్యం మన నిర్మాతలకు రాలేదు. వస్తే ఆ గది మారుతుందా, లేక వేషమే మారుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ చిత్రాలను రాజకీయాలతో ముడిపెట్టటం అతి అనేవారికి ఒక తేదీ గుర్తుచేస్తాను. 2018 ఆగస్టు 3న ‘గూఢచారి’ విడుదలయింది. ఆ నెల 28న హైదరాబాదులో వరవరరావును పూణె పోలీసులు అరెస్టు చేశారు. ఎనభై ఏళ్లకు చేరువయిన కవికి సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాల మీద పూర్తి బెయిలు ఇవ్వటానికి 2022 ఆగస్టు రావలసి వచ్చింది. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ నాలుగేళ్లను లెక్క పెట్టగలరు. 2021లో పెగాసస్ అనే నిఘా పరికరాన్ని గురించి వార్తలు వచ్చినప్పుడు, ఆ జాబితాల్లో పత్రికలవారూ న్యాయవాదులూ ఉద్యమకారులూ ఉన్నారని చదివాము. సినిమా గూఢచారి శత్రుదేశం వెంట పరిగెత్తుతాడు. అసలు గూఢచారి పౌరుడి ఫోనులో కూచున్నాడు. వాడికి కృష్ణ మాట లేదు, జితేంద్ర తెల్లబూట్లు లేవు, శేష్ కన్నీళ్లు లేవు. కౌటిల్యుడు కోరినట్టే, వాడికి మొగమే లేదు. అందమయిన మొగంగల గూఢచారిని తెరమీద ప్రేమించిన అలవాటు వల్ల, మొగంలేని గూఢచారిని ప్రశ్నించాలన్న ఆలోచన మనకు ఆలస్యంగా కలుగుతుంది. ఈ చిత్రాలు చేసే అసలయిన నష్టం ఇది. తుపాకులు చూపి పిల్లలను చెడగొట్టటం అన్న వాదం దీని ముందు చాలా చిన్నది.

మరి నటుడు చేయగలిగినదేమీ లేదా? ఉన్నది. ‘గూఢచారి 116’ వచ్చిన ఎనిమిదేళ్లకు, 1974లో, అదే కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ అయినాడు. 1922 నుంచి 1924 వరకు మన్యంలో ప్రభుత్వం తన సిపాయిలనూ వేగులవాళ్లనూ ఎవరి మీదికి పంపిందో ఆ మనిషి పాత్ర అది. అదే గొంతు, అదే సాదా మాట, అదే శ్రద్ధ. కాని ఇక్కడ అధికారి గదిలోకి పోయి ఆజ్ఞ అందుకోవటం లేదు. ఎదురుగా నిలబడి నీ ఆజ్ఞ చెల్లదంటున్నాడు. తెలుగు ప్రజలు రెంటినీ చూశారు. కృష్ణ 2022లో మరణించినప్పుడు ఊరూరా ఎక్కువగా తలుచుకున్నది ఆ సీతారామరాజునే. పాత్ర మారితే అదే శరీరం ఎంత ఎత్తుకు లేవగలదో దీనికంటె నిదర్శనం అక్కర్లేదు. గూఢచారి పాత్రలో నటుడు విధేయతకు రంగు మార్చగలడు. ఉద్యోగంగా, సరదాగా, కోపంగా, కన్నీరుగా మార్చగలడు. దానిని కాదనగలిగే వాక్యం మాత్రం రచయిత రాయాలి. ఆ వాక్యం 116కు యాభై రెండేళ్లలో ఎవరూ రాసి ఇవ్వలేదు.

దేశాన్ని ప్రేమించటమూ, ఆజ్ఞను పాటించటమూ ఒకటేనని ఈ చిత్రాలు అన్నీ కలిసి చెపుతాయి. ఆ రెండూ ఒకటి కావని మదనపల్లెవాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. 1919 ఫిబ్రవరిలో టాగోర్ తన ‘జనగణమన’ను ఆంగ్లంలోకి మార్చింది ఆ ఊళ్లోనే. అదే ఏడు మే నెలాఖరున, జలియన్‌వాలాబాగ్ హత్యాకాండకు నిరసనగా ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదును వద్దని వదులుకున్నాడు. 2016లో సినిమాహాళ్లలో ఆ పాటకు లేచి నిలబడటం తప్పనిసరి చేసిన సుప్రీంకోర్టు, 2018 జనవరిలో ఆ ఉత్తర్వును తానే సడలించింది. పాట రాసినవాడికి దేశం ఆజ్ఞగా అందలేదు. దేశంకోసం ఆయన చేసిన పని ఏలినవారి సంభావనను తిరిగి ఇచ్చివేయటం. నూటపదహారును వెనక్కి ఇచ్చే గూఢచారి కథ తెలుగులో ఎవరయినా రాసిననాడు, ఆ పాత్రకు నటుడెవరన్న చర్చకు నిజమయిన అర్థం వస్తుంది.